ఆటంకరహిత ప్రయాణానికి ఏర్పాట్లు

రెండువేల పంతొమ్మిది డిసెంబరు ఎనిమిది, ఆదివారం. ఆ ఉదయం పలాసలో జీడిపప్పు ఉప్మా తిన్నాం. తేదీ నాకు గుర్తుండటానికి సగం కారణం ఆ ఉప్మాయే. మిగతా ఊళ్ళలో ఉప్మాలో జీడిపప్పు వెతుక్కోవాలి, పలాసలో జీడిపప్పులో ఉప్మా వెతుక్కోవాలి. హోటలాయన మా తలల మీద హెల్మెట్లు చూసి, ఈ వయసులో వీళ్ళేదో పెద్ద ప్రమాదానికి సిద్ధపడి వెళుతున్నారనుకున్నాడో ఏమో, అడక్కుండానే రెండోసారి వడ్డించాడు.

మేం పదకొండుమందిమి. శ్రీకాకుళం నుంచి పూరీ దాకా సైకిళ్ళ మీద బయల్దేరిన పింఛనుదార్లం. మాలో ఎక్కువమందిని డాక్టర్లు నడవమన్నారు. నడవడానికి పార్కులో చోటు చాలక సైకిలెక్కినవాళ్ళం. నేను సహకార బ్యాంకులో హెడ్ గుమాస్తాగా చేశాను. జీవితంలో ఎవరికీ ఒక్క అక్షరం చెప్పలేదు. అయినా కళ్ళజోడూ నెరిసిన జుట్టూ చూసి అందరూ మాస్టారనే పిలుస్తారు. మా ఆవిడ పోయి నాలుగేళ్ళు. సైకిళ్ళ గుంపులో ఉంటే పక్కన ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు, జవాబు చెప్పకపోయినా ఏమీ అనుకోరు. అందుకని చేరాను.

మేమందరం జగన్నాథుడి కోసమో, ఒంట్లో చక్కెర తగ్గడం కోసమో వెళుతున్నాం. తవిటినాయుడు మాత్రం వాళ్ళ అప్ప కోసం వెళుతున్నాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. తవిటినాయుడు కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. వాళ్ళ అప్ప దాలమ్మ గారిది ఒడిశా సరిహద్దు దాటాక నాలుగైదు మైళ్ళలో ఉన్న నీలంపుట్టుగ. అటు వైపు ఊరే గాని, మనుషులూ మాటా అంతా మన వైపే.

ఏడేళ్ళ కిందట తవిటినాయుడు తన కూతురి పెళ్ళికి అప్పని ఫోనులో పిలిచాడు. పెళ్ళి పిలుపంటే గడపలో నిలబడి, బొట్టు పెట్టి, మనిషి మొహం చూసి పిలవాలి. అప్పుడే తుఫాను వచ్చి స్తంభాలన్నీ పడిపోయి, ఊళ్ళకి ఊళ్ళు చీకట్లో ఉన్నాయి. ఇతనికి డ్యూటీ. స్తంభం మీదినుంచే ఫోను చేశాడు. ఆవిడ సరే అని, పెళ్ళికి రాలేదు. ఇతను ఎందుకు రాలేదని అడగలేదు. అలా ఏడేళ్ళు గడిచాయి. మొన్న మా యాత్ర దారి నిర్ణయమయ్యాక ఇతను ధైర్యం చేసి మళ్ళీ ఫోను చేస్తే, ఆవిడ ఒకటే మాటందట, ఫోన్లో మాటలొద్దు, మనిషివి కనపడు, ఆదివారం నీవాళ్ళందర్నీ తీసుకుని భోజనానికి రా అని.

బస్సులో వెళితే మూడు గంటల పని కదా అని సుభద్రమ్మ గారు అడిగారు. ఆవిడ మా గుంపులో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి, పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేశారు. రోగుల్ని అడిగినట్టే అందర్నీ సూటిగా అడుగుతారు.

"బస్సులో ఎల్తే దానికోసమే ఒచ్చినట్టుంటాది మేడమ్" అన్నాడు తవిటినాయుడు. "సైకిలు మీదయితే, పూరీ ఎల్తన్నాం, దారిలో నీ ఇల్లు పడింది, దిగినాను అనొచ్చు."

ఇందులో ఒక చిక్కుంది. దాలమ్మ గారు అరసవల్లి సూర్యదేవుడికి మొక్కుకున్న మనిషి. ఆదివారం ఒంటిపూట భోజనం. అదీ పొద్దుండగానే. పొద్దు గూకితే మంచినీళ్ళు కూడా ముట్టరు. ఆవిడ ఈ ఆదివారం తమ్ముడొచ్చాకే తింటానన్నారు. కాబట్టి మధ్యాహ్నం భోజనాల వేళకి మనం అక్కడుండాలని తవిటినాయుడు పలాస నుంచీ ప్రతి మైలురాయి దగ్గరా గుర్తుచేస్తూ వచ్చాడు. అలా గుర్తుచేయించుకుంటూ హాయిగానే తొక్కాం. గాలి వెనకనుంచి ఉంది.

సోంపేట దాటాక ఒక పెద్దమనిషిని దాటాం. నీలం చొక్కా చేతులు పూర్తిగా దించి బొత్తాలు పెట్టుకుని, నల్లబూట్లు వేసుకుని, సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయని కొత్త సైకిలు తొక్కుతున్నాడాయన. వెనక ఒక జీపు పెళ్ళి ఊరేగింపులాగా మెల్లిగా వస్తోంది. సాయం ఏమైనా కావాలా అని సుభద్రమ్మ గారు అడిగితే, ఆయన వద్దని చెప్పడానికి ఒక చెయ్యెత్తి, సైకిలు వంకర తిరగడంతో వెంటనే దించేసుకున్నాడు.

సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర రోడ్డుకి అడ్డంగా పెద్ద బ్యానరు కట్టి ఉంది. ఆటంకరహిత సైకిలు యాత్రా పథకం, సైకిలు యాత్రికులు ఇక్కడ ఆగవలెను, అని రాసి ఉంది.

ఆగాం. షామియానా వేసి, కుర్చీలకి తెల్లగుడ్డ తొడుగులు తొడిగారు. తలా ఒక కొబ్బరిబోండాం ఇచ్చారు. చెక్‌పోస్టు ఇన్‌చార్జి మన్మథరావు గారు చేతులు జోడించి ఎదురొచ్చారు. సన్నగా, మృదువుగా ఉండే మనిషి.

"మీ ప్రయాణం ఏ ఆటంకమూ లేకుండా సాగుటకు సమస్తమైన ఏర్పాట్లూ గావించబడినవి" అన్నారాయన. "దయచేసి సైకిళ్ళు దిగగలరు."

మాకు చాలా సంతోషమేసింది. జీవితమంతా ఆఫీసుల్లో పనిచేశాం, ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఒక ఆఫీసు మాకెదురొచ్చి నమస్కారం పెట్టడం ఇదే మొదలు. ఇద్దరు హోంగార్డులు మా సైకిళ్ళని వరసగా నిలబెట్టి, ఒకే ఒక్క పొడుగాటి బంతిపూల దండని మొదటి హ్యాండిల్ నుంచి పదకొండో హ్యాండిల్ దాకా చుట్టి ముడేశారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అది తీస్తే గాని సైకిళ్ళు కదలవన్న సంగతి బోండాలు తాగి లేచాక తెలిసింది.

కూర్చోవలసిందిగా మన్మథరావు గారు మళ్ళీ కోరారు. కొత్త ఆదేశం ప్రకారం, రాష్ట్ర సరిహద్దు దాటే సైకిలు యాత్రికుల్ని లాంఛనంగా స్వాగతించి, ఆ తరవాత ఆటంకం లేకుండా పంపాలట. స్వాగతం చెప్పే అధికారి జాయింటు డైరెక్టరు హోదాకి తగ్గకూడదు. జాయింటు డైరెక్టరు పరాంకుశం గారు తెల్లవారకముందే బయల్దేరారట. మరి ఇంకా రాలేదేమని అడిగాను.

"వారు సైకిలుపై వేంచేయుచున్నారు. స్వాగతించు అధికారి సైతం ఆదర్శప్రాయముగా సైకిలుపైననే రావలెనని ఆదేశంలో ఉన్నది."

సుభద్రమ్మ గారూ నేనూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. నీలం చొక్కా ఇద్దరికీ కళ్ళముందు కనపడింది.

మేం కూర్చున్నచోటికి చెక్‌పోస్టు కర్ర బాగా కనిపిస్తోంది. చేపలబుట్టలు కట్టుకున్నవాళ్ళూ, కొబ్బరిగెలలు వేలాడేసుకున్నవాళ్ళూ, మొగలిపూల మూటలవాళ్ళూ సైకిళ్ళ మీద వచ్చి, తల కాస్త వంచి, కర్ర కిందనుంచి ఒడిశాలోకి వెళ్ళిపోతున్నారు. హోంగార్డులు వాళ్ళవైపు చూడను కూడా చూడటం లేదు. వాళ్ళనెందుకు ఆపలేదని తవిటినాయుడు అడిగాడు.

"వారు సైకిలిస్టులు కారు. సైకిలు మీద పోవువారు" అన్నారు మన్మథరావు గారు.

"తేడా ఏటండి?"

"సైకిలిస్టు అనగా అవసరము లేకున్ననూ సైకిలు తొక్కు వ్యక్తి."

తనకి అవసరముందని తవిటినాయుడు చెప్పుకున్నాడు. అప్ప సంగతి, ఆదివారం సంగతి, ఒంటిపూట సంగతి అన్నీ వివరంగా చెప్పాడు. మన్మథరావు గారు నిజంగానే జాలిపడ్డారు. ఆయన తల్లికి కూడా అలాంటి మొక్కేదో ఉందట. కాని ఇతని తలమీద హెల్మెట్ ఉంది. అవసరమున్నవాడు హెల్మెట్ పెట్టుకున్న దాఖలా ఆయన సర్వీసులో లేదు. పోనీ సైకిలిక్కడే వదిలి ఆటోలో వెళతానంటే దానికీ ఒప్పుకోలేదు. పదకొండుగురు యాత్రికులు విచ్చేశారని పైకి తెలియజేశారు. పదిమందే స్వాగతం అందుకుంటే, ఒకరికి ఆటంకం కలిగినట్టవుతుంది. పథకం ఉన్నదే ఆటంకం కలగకుండా చూడటానికి.

భోజనాల వేళకి పులిహోర పొట్లాలిచ్చారు. అదే సమయానికి దాలమ్మ గారి ఫోనొచ్చింది. తవిటినాయుడు లేచి షామియానా చివరికి వెళ్ళి, నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుని మాట్లాడి వచ్చాడు. పొట్లం విప్పలేదు.

"బియ్యం కడిగి పెట్టిందట. నానొస్తే ఎసట్లో పోస్తాదట" అన్నాడు. "అడ్డుపడ్డారంటే నమ్మలేదు. పులిహోర పెట్టి అడ్డుపడేవోళ్ళు ఎక్కడుంటారని అడిగింది."

కాసేపటికి అతను కనిపించలేదు. తరవాత కనిపించినవాణ్ణి మేం మొదట పోల్చుకోలేదు. నీటికని వెళుతున్నట్టు వెళ్ళి, రోడ్డవతల ఆగిన ఒక కొబ్బరికాయలాయన్ని బతిమాలి, అతని లుంగీ, తలగుడ్డ, కాయలతో సహా సైకిలూ అరువు తెచ్చుకున్నాడు. ఆయన తవిటినాయుడి హెల్మెట్ పెట్టుకుని చెట్టుకింద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. కొబ్బరిగెలలతో తవిటినాయుడు కర్ర దగ్గరికి వచ్చాడు. మేమందరం పులిహోర నమలడం ఆపి, వేరేవైపు చూశాం. ఇంకో రెండు తొక్కులు తొక్కితే ఒడిశా.

కాని అతను ముప్ఫై ఏళ్ళు సబ్‌స్టేషన్ల గేట్లలోంచి వెళ్ళొస్తూ పనిచేసినవాడు. అడక్కుండా గేటు దాటితే ఏమవుతుందో తెలిసినవాడు. కర్ర ముందు సైకిలాపి, ఒక కాలు కిందపెట్టి, హోంగార్డుకి నమస్కారం పెట్టాడు.

హోంగార్డు అప్పుడు తలెత్తి చూశాడు. "ఈ దారిన కొబ్బరికాయలోళ్ళెవుళ్ళూ ఆగరు బావూ" అన్నాడు. "ఆగినోడల్లా సైకిలిస్టే."

తవిటినాయుణ్ణి తీసుకొచ్చి మళ్ళీ తెల్లగుడ్డ కుర్చీలో కూర్చోబెట్టారు. కొబ్బరికాయలాయన హెల్మెట్ తిరిగిచ్చి, తన లుంగీ, సైకిలూ తీసుకుని వెళ్ళిపోయాడు. మన్మథరావు గారు కోప్పడలేదు. అతిథులే ఇలా చేస్తే ఇక స్వాగతాలకి విలువేముంటుందని బాధపడి, ఇంకో బోండాం తెప్పించారు.

ఎండ షామియానా అంచు దాటి మా కాళ్ళ మీదికి వచ్చింది. అప్పుడు జీపు డ్రైవరు ఫోను చేశాడు. జాయింటు డైరెక్టరు గారికి కాళ్ళు పట్టేశాయి, రెండు కాలువల అవతల జీడితోట దగ్గర ఆగిపోయారు, జీపెక్కమంటే ఎక్కడం లేదు. మన్మథరావు గారు ఫోను పెట్టేసి, ఒక్కసారిగా పదేళ్ళు పెద్దవారైపోయినట్టు కనిపించారు.

"మేం ముందుకి వెళ్ళకూడదు. వెనక్కి వెళ్ళొచ్చా?" అని సుభద్రమ్మ గారు అడిగారు.

ఆయన చాలాసేపు ఆలోచించి, వెనుకకు వెళ్ళుటపై నిషేధమేమీ లేదన్నారు. ఇంకో మాట అనేలోపే సుభద్రమ్మ గారు బంతిపూల దండ ముడి విప్పి, మొత్తం దండ చుట్టచుట్టి ఆయన రెండు చేతుల్లో పెట్టారు. "జాగ్రత్తగా పట్టుకోండి, నలగనివ్వకండి" అని చెప్పారు. మేం ముగ్గురం, ఆవిడా నేనూ తవిటినాయుడూ, వచ్చిన దారినే తొక్కాం. వెనక్కి చూస్తే మన్మథరావు గారు పసిబిడ్డని ఎత్తుకున్నట్టు దండని పట్టుకుని నిలబడి ఉన్నారు.

పరాంకుశం గారు జీడితోట అంచున, జీపు నీడలో కూర్చుని ఉన్నారు. నల్లబూట్లు విప్పి, పక్కన జతగా సర్ది పెట్టుకున్నారు. పాదాలు బకెట్ నీళ్ళలో ఉన్నాయి. మమ్మల్ని చూసి లేవబోయి, లేవలేక, కూర్చునే నమస్కరించారు.

"అక్కడ మిమ్మల్ని స్వాగతించవలసింది నేనేనండీ. ఆలస్యానికి చింతిస్తున్నాము."

సుభద్రమ్మ గారు అనుమతి అడక్కుండా ఆయన పిక్కలు పట్టిచూసి, సైకిలు ఎప్పుడు నేర్చుకున్నారని అడిగారు. మొన్న మంగళవారమని ఆయన చెప్పారు. జీపెక్కమని తవిటినాయుడు బతిమాలాడు. ఈ జీడిచెట్లు ఎవరికీ చెప్పవన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపారు, ఆదేశం ఒప్పుకోదు. ఇంతకీ ఆ ఆదేశం ఎవరు రాశారని నేనడిగాను.

ఆయన బకెట్‌లో తన పాదాల వైపు చూసుకున్నారు.

"నేనే" అన్నారు. "రాసేటప్పుడు అధికారి సైకిలు మీద రావడమన్నది చాలా అందంగా అనిపించింది. ఆ అధికారి నేనవుతానని తోచలేదు."

మార్చేస్తే సరిపోతుంది కదా అన్నాను. మార్చవచ్చట. కాని సవరణ పంపేముందు సరిహద్దు దగ్గర పరిస్థితిని స్వయంగా పరిశీలించాలి, ఆ పరిశీలనకి సైకిలు మీదే వెళ్ళాలి. అదీ ఆయన రాసిందే. వెనకనుంచి ఎవరైనా నెడితే ఆదేశం ఏమంటుందని సుభద్రమ్మ గారడిగారు. ప్రజల తోడ్పాటు ఎప్పుడూ స్వాగతించదగినదేనని ఆయన కొంచెం సిగ్గుపడుతూ అన్నారు.

బూట్లు తొడిగి ఎక్కించాం. మధ్యాహ్నానికి ఎదురు తిరిగిన గాలికి అడ్డంగా సుభద్రమ్మ గారు ముందు, ఆయన వీపు మీద ఎడమవైపునుంచి తవిటినాయుడి చెయ్యి, కుడివైపునుంచి నా చెయ్యి. ఆయన చొక్కా చెమటకి తడిసి, లోపల వీపు వణుకుతోంది. చిన్నపిల్లలకి సైకిలు నేర్పేటప్పుడు కూడా వీపు ఇలాగే వణుకుతుంది. కొంతదూరం పోయాక, మీకంత తొందరేమిటని ఆయన తవిటినాయుణ్ణి అడిగారు. తవిటినాయుడు తొక్కుతూనే మొత్తం చెప్పాడు.

ఆయన రొప్పుతూ మొదటి కాలువ వంతెన దాటారు.

"పెళ్ళికి ఫోనులో పిలిచారా?" అన్నారు చివరికి. "అది మాత్రం తప్పేనండీ."

"తప్పేనండి" అన్నాడు తవిటినాయుడు.

ఆ తరవాత నా అరచేతికింద బరువు తగ్గడం తెలిసింది. ఆయన తనంతట తానే గట్టిగా తొక్కుతున్నారు.

మేం తిరిగొచ్చేసరికి ఎండ పసుపు రంగుకి తిరిగింది. మన్మథరావు గారు అందర్నీ లేపి నిలబెట్టారు. పరాంకుశం గారు జేబులోంచి మడతపెట్టిన ప్రసంగం తీశారు. లావుగా ఉంది. దాన్ని చూడగానే తవిటినాయుడు పడమటి వైపు చూశాడు. ఆయన గొంతు సవరించుకుంటున్నప్పుడు మన్మథరావు గారు దగ్గరికి వచ్చి, మాకందరికీ వినపడేంత గుసగుసగా ఒక సందేహం వెలిబుచ్చారు.

"అయ్యా, స్వాగతం లోపలికి వచ్చువారికి కదా. వీరు బయటికి వెళ్ళుచున్నారు."

పొద్దుటినుంచీ ఇంతమంది పెద్దవాళ్ళం కూర్చున్నాం, ఒక్కరికీ తట్టలేదు. మన్మథరావు గారే దానికి మార్గం కూడా చెప్పారు. యాత్రికులు ఒకసారి అవతలికి వెళ్ళి, తిరిగి లోపలికి వస్తే, యథావిధిగా స్వాగతించవచ్చు. ఆ తరవాత వారు బయటికి వెళ్ళడానికి వీడ్కోలు పలకాలి. వీడ్కోలుకి ఆదేశం ఇంకా రావలసి ఉన్నది.

పరాంకుశం గారు ప్రసంగం వైపు చూశారు. తవిటినాయుడి వైపు చూశారు. కాగితాలు మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

"వీడ్కోలుకి ఆదేశం లేదంటే, మనకి చేతనైనట్టు చెయ్యొచ్చనే కదా" అన్నారు. "మా ఇంట్లో చుట్టాలు వెళుతుంటే మా నాన్న వీధి చివరిదాకా సాగనంపేవారు."

ఆ మాట అని ఆయనే ముందుగా సైకిలెక్కారు. ఎవరూ పట్టుకోలేదు. కొంచెం వంకర తిరిగి, నిలదొక్కుకుని, కర్ర కిందనుంచి తల వంచి అవతలికి వెళ్ళిపోయారు. వెనకే పదకొండుమందిమీ వెళ్ళాం. జీపు మాత్రం ఆగిపోయింది, సర్కారు బండి రాష్ట్రం దాటాలంటే వేరే అనుమతి కావాలి. నేను చివర ఉన్నాను కాబట్టి, మన్మథరావు గారు నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తున్నది చూశాను. నేటి యాత్రికులు పదకొండు. ఆటంకాలు లేవు.

అవతల ఒడిశా వాళ్ళ గుడిసె ముందు ఒకాయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. మమ్మల్ని చూడకుండానే ఎడమచేత్తో తాడు లాగి కర్ర ఎత్తి, అందరం దాటాక వదిలేశాడు. నాకా మనిషి మీద ఎంతో గౌరవం కలిగింది.

వీధి చివరిదాకా అన్న పరాంకుశం గారు తిరిగి వెళ్ళలేదు. ఆగితే మళ్ళీ ఎక్కలేనేమోనని భయంగా ఉందని నాతో మెల్లిగా చెప్పారు. సరే రమ్మన్నాం. తవిటినాయుడు అందరికన్నా ముందు, సీటు మీదినుంచి లేచి తొక్కుతున్నాడు. రోడ్డుకి పడమరగా కొబ్బరితోటలు మొదలయ్యాయి. చెట్ల సందుల్లో సూర్యుడు ఒక్కోసారి కనిపిస్తున్నాడు, ఒక్కోసారి లేదు.

నీలంపుట్టుగలో దాలమ్మ గారిల్లు రోడ్డు మీదే. మేం దిగేసరికి వాకిలంతా నీడ పడిపోయింది. ఆవిడ గడపలో నిలబడి ఉన్నారు. చిన్నమనిషి, తెల్లటి జుట్టు ముడి. తవిటినాయుడు సైకిలు గోడకి ఆనించి, హెల్మెట్ తీసి, పలాస నుంచీ వల్లెవేసుకుంటూ వచ్చిన మాట మొదలుపెట్టాడు.

"అప్పా, పూరీ ఎల్తన్నాం, దారిలో..." అని ఆగిపోయాడు.

"నల్లబడిపోనావు" అన్నారావిడ. అతని వెనక నిలబడ్డ పదకొండుమంది చెమట మనుషుల్ని చూశారు. "కాళ్ళు కడుక్కోండి బావూ. అన్నీ ఒండేసి ఉంచినాను. ఈడికోసమని కూకుంటే ఈడొచ్చేలా లేడని, ఇందాకే ఎసట్లో బియ్యం పోసేసినాను."

"నువ్వు తిన్నావా?"

"నువ్వు రాకుండా ఎలా తింటాన్రా? ఇప్పుడింక పొద్దు గూకీసింది. నాకు రేపే."

తవిటినాయుడు మెట్టు మీద కూర్చుండిపోయాడు. "అయితే నాకూ రేపే" అన్నాడు.

ఆవిడ తినమని కోప్పడ్డారు. ఇతను కదల్లేదు. ఇద్దరిలో ఎవరూ గొంతు పెంచలేదు గాని, ఏడేళ్ళు ఎలా గడిచాయో మాకు అర్థమైంది. మేం కడుక్కున్న చేతులతో, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాం. అప్పుడు పరాంకుశం గారు అరుగు స్తంభాన్ని పట్టుకుని, ఆఫీసు గొంతుతో మాట్లాడారు.

"అమ్మా, ఒక సందేహం. మీ మొక్కులో, పొద్దు గూకడమంటే ఎక్కడినుంచి చూసినప్పుడు అనేది నిర్దిష్టంగా ఉన్నదా?"

"ఎవుడ్రా ఈ బాబు?"

"ఆఫీసరప్పా" అన్నాడు తవిటినాయుడు.

"ఇదిగో, ఈ వాకిట్లోంచి సూడు బావూ. కొబ్బరిచెట్ల వెనక్కి ఎల్లిపోనాడు."

"చెట్ల వెనక్కి వెళ్ళడం అస్తమయం కిందికి రాదమ్మా. చెట్లు ఆటంకం మాత్రమే. ఆటంకాన్ని లెక్కలోకి తీసుకోనవసరం లేదని నేనే ఒక ఆదేశంలో రాశాను." ఆయన తలెత్తి ఇంటిపైకి చూశారు. "మేడ ఉందా?"

ఎవరు ముందు కదిలారో చెప్పలేను. సుభద్రమ్మ గారు వంటింట్లోకి వెళ్ళి కంచంలో అన్నం, పెసరపప్పు, అరటికాయ కూర పెట్టుకొచ్చారు. గోడకి ఆనించి కట్టిన మెట్లు ఇరుగ్గా ఉన్నాయి, పక్కన పట్టుకోవడానికేమీ లేదు. తవిటినాయుడు ఒక చేత్తో కంచం, ఇంకో చేత్తో అప్ప చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. వెనక మేం.

పైన ఇంకా వెలుతురుంది. కొబ్బరితలల మీదుగా, దూరాన కొండల వరస మీద సూర్యుడు ఎర్రగా, పూర్తి గుండ్రంగా ఉన్నాడు. తీరుబడిగా, మాకోసం ఆగినట్టున్నాడు. దాలమ్మ గారు ముందు చేతులు జోడించి దణ్ణం పెట్టుకున్నారు. తరవాత నిలబడే తిన్నారు. తవిటినాయుడు కంచం పట్టుకున్నాడు. కంచం ఒరగకుండా నేను కింద చెయ్యి వేశాను. ఆవిడ తొందరపడలేదు. మూడు ముద్దలు తిన్నాక ఒకసారి ఆగి, తమ్ముడి మొహంలోకి చూశారు.

"గడపలో నిలబడి పిలవాల్సినోడివి" అన్నారు. "మేడెక్కించి తినిపిస్తున్నావు."

"అవునప్పా" అన్నాడతను.

సూర్యుడు కొండల మీద సగమైనప్పుడు ఆవిడ ఆఖరి ముద్ద తీసి తమ్ముడి నోట్లో పెట్టారు. చెయ్యి కడుక్కున్నారు. అతనూ ఆవిడా మేడ మీదే ఉండిపోయారు. మేం కిందికి దిగాం. దిగుతూ ఉంటే ఆవిడ గొంతు వినపడింది, పెళ్ళికి కూతురికి ఏం చీర కట్టారని అడుగుతున్నారు.

తరవాత మేమందరం పంక్తిలో కూర్చుని తిన్నాం. పరాంకుశం గారు మూడుసార్లు అన్నం అడిగి పెట్టించుకున్నారు. మధ్యలో మన్మథరావు గారు ఫోను చేశారు. అధికారి ప్రస్తుతం ఎక్కడున్నట్టు పైకి తెలియజేయాలో ఆయనకి పాలుపోలేదట. ఇంకా సాగనంపుతూనే ఉన్నట్టు తెలియజేయమని చెప్పి ఫోను పెట్టేశారాయన. ఇంకేమీ అడక్కుండా, కూర్చున్నచోటే గోడకి చేరబడి నిద్రపోయారు. బూట్లు తియ్యనే లేదు. సుభద్రమ్మ గారు తీశారు.

నడవాలోనూ సావిట్లోనూ చాపలు పరిచారు. ఎవరికి ఎక్కడ చోటు దొరికితే అక్కడ పడుకున్నాం. నాకు తలుపు దగ్గర చోటు దొరికింది. తవిటినాయుడు మాట్లాడుతూ మాట్లాడుతూ అప్ప మంచం పక్కన కిందే వాలిపోయాడు. దాలమ్మ గారు ఒక్కరే మేలుకుని ఉన్నారు. దీపం తగ్గించి, అందరి మధ్యనుంచీ అడుగులో అడుగు వేసుకుంటూ నడిచారు. తమ్ముడికి దుప్పటి కప్పారు. జాయింటు డైరెక్టరు గారి పాదాలు దుప్పటి దాటి బయటికి వస్తే, దాన్ని కిందికి లాగి కప్పారు.

నాలుగేళ్ళుగా మా ఇంట్లో రాత్రి తలుపు వేసేది నేనే. వేశాక, గడియ సరిగ్గా పడిందో లేదోనని మళ్ళీ లేచి వెళ్ళి చూసుకునేదీ నేనే. ఆ రాత్రి నేను లేవలేదు. దాలమ్మ గారు నన్ను దాటుకుని వచ్చి, బయట గోడకానించిన సైకిళ్ళ వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరికి లాగారు. గడియ చప్పుడు చెయ్యకుండా రెండో చెయ్యి అడ్డంపెట్టి, మెల్లిగా వేశారు.